తప్పు మన రక్తం మీద తోసేయకండి



కరోనా తగ్గి నెలలైనా ఆయాసం, నీరసం పోలేదని చోడవరంలో చదువుకుంటున్న మేం చెప్తే కొందరు "మీరు కొండోళ్లు, మీ రక్తం గట్టిది, మీకేటవుద్ది?" అంటారు. ఇంకొందరు "మీ జాతే అంత, ఒట్టి బద్ధకం" అంటారు. రెండూ ఒకటే. మా మాట వినకుండా తప్పించుకోడానికే.

జన్యువుల పాత్ర లేదని మేం అనట్లేదు. 16 దేశాల్లోని 24 అధ్యయనాల్ని కలిపి చేసిన పరిశోధన 2025లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో వచ్చింది. ఊపిరితిత్తుల్లో పనిచేసే ఫాక్స్‌పీ4 జన్యువు దగ్గర ఒక తేడా ఉన్నోళ్లకి లాంగ్ కోవిడ్ అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లు ఉందని తేలింది. అవకాశం పెరుగుద్ది, అంతే. తలరాత కాదు. ఆ తేడా లేనోళ్లకీ నీరసం మిగలొచ్చు. కొండోళ్ల రక్తం గట్టిదని గానీ, నీరసం బద్ధకమని గానీ అందులో ఎక్కడా లేదు.

2023 నుంచి సికిల్ సెల్ పరీక్షలకి మన ఊళ్లకొచ్చి రక్తం తీస్తున్నారు కదా. రక్తం తీసినోళ్లు "జ్వరం తర్వాత నీరసం ఎన్నాళ్లుంది?" అని ఒక్క మాట అడిగి రాసుకోలేరా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సిగ్గుపడకండి. పీహెచ్‌సీలో చెప్పి చీటీ మీద రాయించుకోండి. అటెండెన్స్ కోసేవాళ్ల ముందు ఆ చీటీయే మన తరఫున మాట్లాడుద్ది.

జోహార్!