ఏకాకి యాత్రికునిపై మనవారి కినుక

మనవారిలో నొక వింత న్యాయము చిరకాలముగా ప్రబలియున్నది. కుమారుడు గల్ఫు దేశమునకు బోయి మండుటెండలో నిటుకలు మోయ నిశ్చయించుకొన్నచో బంధువులందఱును విమానాశ్రయము వఱకు వచ్చి సాగనంపుదురు. అమెరికాకు బోయి పట్టము సంపాదింప నెంచినచో తండ్రి పొలము తాకట్టుపెట్టి సొమ్ము సమకూర్చును. ఊరెల్ల ప్రయోజకుడని కొనియాడును. అదే కుమారుడు తాను దాచుకొన్న జీతపు సొమ్ముతో మోటారుసైకిలుపై నొంటరిగా నేపాళమునో వియత్నామునో చూచి వచ్చెద నన్నచో ఇల్లెల్ల గొల్లుమనును. "నీకేమి లోటు? ఎవరికొఱకీ తిరుగుట? దానివలన నేమి వచ్చును?" అని తల్లి, తండ్రి, మేనమామ, పొరుగింటి పెద్ద, అందఱును న్యాయాధిపతులై కూర్చుందురు. కూలికై దాటిన సముద్రము పుణ్యతీర్థమట. చూచుటకై దాటిన సరిహద్దు పిచ్చితనమట! ఈ న్యాయమును మేము ప్రశ్నింపదలచితిమి.

మేము పాఠములు చెప్పుకొనుచున్న దోమ వికారాబాదు జిల్లాలోని యొక చిన్న మండలము. (పేరు విని నవ్వువారు నవ్వుదురు గాక, మాకది యలవాటే.) ఈ ప్రాంతమువారు కదలనివారని యెవరును తలపవలదు. వాడి నుండి సికింద్రాబాదు వఱకు 1874లో వేసిన రైలుమార్గము తాండూరు, వికారాబాదుల మీదుగనే పోవుచున్నది. వానలు తప్పిన యేట మా పల్లెలనుండి, తండాలనుండి కుటుంబములకు గుటుంబములే పూనాకు, బొంబాయికి పనులకై తరలిపోవును. బడిలో హాజరుపట్టిక చూచిన మాకా సంగతి వేఱుగ నొకరు చెప్పనక్కఱలేదు. తాండూరు నాపరాయి ఇతర రాష్ట్రముల యిండ్లలో నేలయై పఱచుకొన్నది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. రాయి పోవును, పప్పు పోవును, కూలివాడు పోవును. చూడగోరిన మనుష్యుడు మాత్రము పోరాదు!

ఈ వైముఖ్యమునకు మూల మెచ్చట? సంస్కృతము చదువుకొన్నవారు వెంటనే సముద్రయాన నిషేధమును తలంతురు. మనుస్మృతి మూడవ యధ్యాయమున శ్రాద్ధమునకు పిలువరానివారి పట్టిక యొకటి కలదు. ఇల్లు తగులబెట్టినవాడు, విషము పెట్టినవాడు, వీరి సరసనే సముద్రయానము చేసినవాడును అందు కూర్చుండబెట్టబడెను. బౌధాయనుడు దానిని పతనహేతువులలో జేర్చెను. అయినను ఆ బౌధాయనుడే యుత్తరాదివారి యాచారములలో సముద్రయాన మొకటి యని చెప్పుటచే, నిషేధించు కాలముననే జనులు పోవుచుండిరని తెల్లమగుచున్నది. పోవనివానిని నిషేధింప నెవనికిని బనిలేదు గదా! మన తెలుగునేలయందు సంగతి మఱింత స్పష్టము. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై ఓడ బొమ్మ కలదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, ఓడలు చెడి తీరము చేరిన వర్తకుల సొత్తును పాలకులు కాజేయు దురాచారమును మాన్పెను. పరదేశి యనగా దోచదగినవాడు కాడు, కాపాడదగినవాడని రాతిపై చెక్కించిన రాజు మనవాడు.

నేడా పాత నిషేధమును పాటించువాడు లేడు. అమెరికాలో పెండ్లిండ్లు చేయించుటకు పురోహితులే విమానమెక్కుచున్నారు. నిషేధము చచ్చినది కాని దాని దయ్యము విడువలేదు. ఒకనాడు "పోరాదు" అనిరి. నేడు "ఊరక పోరాదు" అనుచున్నారు. లాభము చూపినవానికి ద్వారము తెఱచి, తెలిసికొనగోరినవానికి మూయుట పూర్వపు నిషేధముకంటెను హీనమని మా యభిప్రాయము. పూర్వులకు నరకభయమైనను గలదు. మనకు జమాఖర్చుల పుస్తకము తప్ప వేఱు శాస్త్రము లేదు.

విశాఖపట్టణమునకు జెందిన భరద్వాజ్ దయాల 2006 ఏప్రిలులో మోటారుసైకిలుపై నొంటరిగా లోకము చుట్టుటకు బయలుదేరెను; 2007 అక్టోబరులో నిల్లు చేరెను. పదునెనిమిది మాసములు, అయిదు ఖండములు, సుమారు 47 వేల కిలోమీటర్లు. ఆ బండి యే సీమదొరలో యెక్కు మహాయంత్రము కాదు; మన కుఱ్ఱవాండ్రు ఆదివారమునాడు అనంతగిరికి షికారు పోవు కరిజ్మా. వెంట సామాను మోయు కారు లేదు, మరమ్మతు చేయు పరివారము లేదు. ఇట్లొంటరిగా ప్రపంచయాత్ర ముగించిన మొదటి భారతీయుడాతడే యని ప్రసిద్ధి. ఆంగ్లేయుడైన టెడ్ సైమన్ 1973 మొదలు నాలుగేండ్లు ట్రయంఫు బండిపై లోకము చుట్టి వ్రాసిన "జూపిటర్స్ ట్రావెల్స్" 1979లో వెలువడి నేటికిని చదువబడుచున్నది. మా తరగతిలో భరద్వాజ్ పేరు చెప్పి యెవరో యెఱుగుదురా యని యడుగగా నొక్క చేయియైనను లేవలేదు. ఫలానా సినిమాలో కథానాయకుడెక్కిన బండి యేదని యడిగితిమి. గది నిండ చేతులు లేచినవి. తప్పు బాలురది కాదు. తెలుగువాడొకడు బండిపై భూగోళము చుట్టివచ్చినను, ఇంటిలోగాని బడిలోగాని వారికి చెప్పినవారు లేరు.

"పోవలెనన్న పదిమందితో కలిసి పోరాదా? ఒంటరిగా నేల?" అని కొందఱు మెత్తగా నడుగుదురు. పదిమంది కలిసి పోయినచో పోవునది మనుష్యుడు కాదు, ఊరే కదలి పోవును. ఆవకాయ జాడీ పోవును. మన భాష, మన పరిహాసములు, మన కులపు గుసగుసలు వెంటబడి పోవును. బస్సు కిటికీ యావల దేశము సాగిపోవుచుండును. కిటికీ యీవల మన వీధియే. ఒంటరివాని గతి యట్లు కాదు. ఉదయము మొదలు ప్రొద్దుగ్రుంకు వఱకు ఆతడు అడుగక తీఱదు. త్రోవ యడుగవలెను, నీళ్లడుగవలెను, టైరునకు జిల్లిపడినచో సాయమడుగవలెను. భాష రాదు; సైగలు కొంతదూరమే వచ్చును; నాలుగు మాటలు నేర్చుకొనక తప్పదు. మోటారుసైకిలునకు గోడలు లేవు, కప్పు లేదు. వాన వచ్చిన నెవ్వని యరుగుననో తల దాచుకొనవలెను, ఎవ్వరి పొయ్యి యొద్దనో చేతులు కాచుకొనవలెను. అనగా ఆతడు అతిథి; తిథి చెప్పక వచ్చినవాడు.

అతిథి దేవుడని మనము సభలయందు చెప్పుకొనని దినము లేదు. కాని మనలో నెవ్వడైన నపరిచితుని వాకిట చేయి చాచి నిలిచెనా? పెట్టుటయందు గర్వము గలదు. పుచ్చుకొనుటయందు అది నిలువదు. మన యూళ్ల ఇటుకబట్టీలకు ఒడిశానుండి కూలీలు పిల్లలతో గూడ వత్తురు. మాసములకొలది మన సరసనే యుందురు. వారి భాషలో అన్నము నేమందురో, బిడ్డకు జ్వరము వచ్చిన దిక్కెవరో మనలో నెందఱు విచారించితిమి? మాట రాని దేశమున నెలదినము లొంటరిగా తిరిగి, తెలియని ముసలమ్మ పెట్టిన గంజి త్రాగి వచ్చిన కుఱ్ఱవాడు ఆ బట్టీ ప్రక్కనుండి పోవునప్పుడు మనవలె ముఖము త్రిప్పుకొని పోజాలడు. "దానివలన నేమి వచ్చును?" అని యడుగు పెద్దలకు మా ప్రత్యుత్తరములలో నిది మొదటిది.

ఇక ప్రమాదము మాట. పరదేశపు రోడ్డు, తెలియని కొండదారి, దిక్కులేని చావు! అని భయపెట్టుదురు. 2022లో మనదేశపు రోడ్లపై మరణించినవారు 1,68,491 మంది యని కేంద్రప్రభుత్వపు లెక్క. అందు నూటికి నలువదినలుగురు ద్విచక్రవాహనములపై పోయినవారు. శిరస్త్రాణము లేక మరణించినవారే యేబదివేల పైచిలుకు. వీరు నేపాళపు కొండలలో పడిపోలేదు. వియత్నాము కనుమలలో జాఱిపోలేదు. పొలమునకు, సంతకు, మేనత్త కూతురి పెండ్లికి పోవుచు, ఎఱిగిన రోడ్డుపై, ఇంటికి నాలుగు మైళ్ల దూరమున మరణించిరి. పరదేశమన్నంత వణకు తండ్రియే పదవ తరగతి కుమారునికి బండి తాళపుచెవి యిచ్చును. ముగ్గురెక్కి మా బడి గేటు కడ దిగుట మేము చూడని దినము లేదు. మైనరు బండి నడిపి నేరమొనర్చినచో సంరక్షకునకు మూడేండ్ల వఱకు చెఱయు, ఇరువదియైదువేల రూపాయల జరిమానాయు 2019 నాటి చట్టసవరణ విధించుచున్నది. ఆ సంగతి చెప్పిన మమ్ము "సారుకు చాదస్త" మందురు. ఇట్టివారు ప్రమాదమునుగూర్చి యుపన్యసించుట మాకు నవ్వు దెప్పించును. నవ్వి యూరకుందమన్న, మా హాజరుపట్టికలోనుండి కొట్టివేసిన పేర్లు జ్ఞప్తికి వచ్చి నవ్వు నిలువదు.

స్త్రీల మాట వచ్చినప్పుడు వాదము మఱింత గట్టిపడును. ఫ్రాన్సు దేశపు ఆన్ ఫ్రాన్స్ దోత్‌విల్ 1973లో చిన్న కవాసాకి బండిపై నొంటరిగా లోకము చుట్టెను. ఆంగ్లేయురాలు ఎల్స్‌పెత్ బియర్డ్ 1982 మొదలు 1984 వఱకు నొంటరిగా తిరిగెను. మన భారతదేశపు రోడ్లును ఆమె యెఱుగును. అది వారి దేశపు సంగతి యందురేమో. 2018లో జయభారతి నాయకురాలుగా నలుగురు స్త్రీలు హైదరాబాదునుండి బయలుదేరి బర్మా, థాయిలాండు, లావోసు, కంబోడియా, వియత్నాములలో మోటారుసైకిళ్లపై సంచరించి వచ్చిరి. స్వదేశముతో గూడ ఆఱు దేశములు, సుమారు 17 వేల కిలోమీటర్లు. వారు నలుగురు, ఒంటరివారు కారు. ఆ నలుగురినైనను మెచ్చుకొన్నవారు తమ కూఁతు రడిగినచో నేమందురో మే మెఱుగుదుము. "కాలము మంచిది కాదు" అందురు. కాలముపై నేల నెపము? 2019 నవంబరులో శంషాబాదు చెంత నొంటరిగా స్కూటరుపై వచ్చిన యువతి టైరు గాలి తీసి, సాయము చేయుదు మని నటించి, హింసించి చంపినది పరదేశము కాదు. ఆ భయమును తొలగించుట మన పని; దానిని చూపి ఆడుబిడ్డ కాళ్లు కట్టివేయుట మన పని కాదు.

ఇంత చెప్పినను, బండెక్కిన ప్రతివానిని నెత్తికెత్తుకొన మేము సిద్ధముగా లేము. దినమునకు ఎన్ని కిలోమీటర్లు పోయితి నను లెక్క తప్ప వేఱేమియు నెఱుగక, కెమెరా నెదుట కేకలు వేయుచు, పోయిన దేశపు భాషలో "దయచేసి" యను మాటయైనను నేర్వక వచ్చువారు నానాటికి పెరుగుచున్నారు. వీరు పెద్దల ఛీత్కారమునకు గట్టి యాధారము కల్పించుచున్నారు. చట్టమైనను తెలిసికొందురా? మన రవాణాశాఖ యిచ్చు అంతర్జాతీయ లైసెన్సు 1949 నాటి జెనీవా ఒడంబడికను బట్టినది. వియత్నాము 1968 నాటి వియన్నా ఒడంబడిక ప్రకారమిచ్చిన పత్రమునే యంగీకరించును. కావున మన పత్రము చూపి యచ్చట పెద్దబండి యద్దెకు తీసికొన్నవాడు లైసెన్సు లేనివాడే. కాలు విఱిగినచో బీమావారు మొగము చాటువేయుదురు. సొంతబండితో ఇరాను వంటి దేశము ప్రవేశింపవలె నన్నచో, బండిని అచ్చటనే యమ్ముకొనక వెనుకకు తెత్తునని సొమ్ము కుదువబెట్టి కార్నే యను సుంకపు పూచీపత్రము పొందవలెను. చైనా దారిచూపువాడు వెంట లేనిదే పరదేశపు బండిని తిరుగనీయదు. అచ్చట ఒంటరితనమునకు ప్రభుత్వమే యడ్డు. అట్టారి ద్వారము 2025 ఏప్రిలులో మూతపడినది మొదలు పడమటి దారి మాటయే లేకపోయెను. ఈ విషయము లెఱుగక పోవుట సాహసము కాదు, సోమరితనము.

తెలిసి పోయి, చూచి, వ్రాసినవాని విలువ వేఱు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చెను. ఆయన యొంటరివాడు కాడు, పరివారము గొప్పది. కాని ప్రతిదినము కన్నది, విన్నది వ్రాసి యుంచెను. 1838లో అచ్చుపడిన ఆ కాశీయాత్ర చరిత్ర వలననే ఆనాటి మన దారులు, ధరలు, పాలకుల తీరులు నేడు మనకు తెలియుచున్నవి. మన కాలమున హైదరాబాదు వాసి పరవస్తు లోకేశ్వర్ స్కూటరుపై ఛత్తీస్‌గఢ్ తిరిగి గ్రంథము వ్రాసెను; సిల్క్ రూట్ వెంట దూరదేశములు పోయి మఱియొకటి వ్రాసెను. వికారాబాదు జిల్లాలోని బడుల గ్రంథాలయములందు ఈ పుస్తకము లెన్ని చోట్ల గలవో అధికారులు విచారింతురు గాక. పోటీపరీక్షల గైడ్లు మాత్రము బీరువాలు పట్టక నేలపై నున్నవి.

మా పూర్వశిష్యుడొకడు, ఇప్పుడు తాండూరులో నుద్యోగి, మోటారుసైకిలుపై నేపాళము పోవ సంకల్పించెను. ఆతని తండ్రి మా కడకు వచ్చి, "సారూ, మీ మాటంటె వింటడు. వద్దని ఒక్క మాట చెప్పుండ్రి" అనెను. మేము చెప్పలేదు. శిష్యుని బిలిచి లైసెన్సు చూచితిమి, బీమా కాగితము తేదీ చూచితిమి, వెనుకటైరు అరిగినదని మార్పించితిమి. నాగపురము, జబ్బల్పురముల మీదుగా పొమ్మంటిమి. వీరాస్వామయ్య పోయిన దారి చాలవఱకు నదియే. గోరఖ్‌పురము దాటి సునౌలీ సరిహద్దున బండికి సుంకపు చీటీ, దినముల లెక్కన రుసుము కట్టవలెనని చెప్పితిమి. నేపాళీ లిపి దేవనాగరియే కావున బడిలో చదివిన హిందీ వ్యర్థము కాదంటిమి. ఏబది మాటలు వ్రాసి యిచ్చి, కంఠస్థము చేసి యొప్పగింపుమంటిమి. నలువదియొకటి యొప్పగించెను, తక్కిన తొమ్మిది వచ్చువఱకు కదలరాదని కట్టడి చేసితిమి. ప్రతిరాత్రి నాలుగు పంక్తులు వ్రాయుటకు నోటుపుస్తక మొకటి యిచ్చితిమి. వచ్చు కార్తికమున ప్రయాణము. తండ్రి మాతో మాటలాడుట మానెను.