పాస్‌బుక్ నీది, కేసూ నీదే!

తెనాలి, బాపట్ల, రేపల్లె విద్యార్థులారా, తల్లిదండ్రులారా, అధ్యాపకులారా!

"అకౌంట్ ఖాళీగానే ఉందిగా తమ్ముడూ? ఏటీఎం కార్డు, సిమ్ము ఇచ్చెయ్. నెలనెలా కమీషన్ ముట్టజెబుతాం." సీనియర్ నోటో, టెలిగ్రామ్ గ్రూపులోనో దేశమంతటా కాలేజీ పిల్లలకు వినబడుతున్న బేరం ఇది. స్కాలర్‌షిప్ కోసం తెరిచిన ఖాతాయే కదా, పోయేదేముంది అనిపిస్తుంది.

పోయేది ఇదీ: పోలీసులమంటూ వీడియో కాల్ చేసి, ఎక్కడో ఒక రిటైర్డు మాస్టారిని 'డిజిటల్ అరెస్ట్' చేశామని బెదిరించి గుంజిన సొమ్ము ముందు ఆ ఖాతాలోనే పడుతుంది. నిమిషాల్లో మరో నాలుగు ఖాతాలకు పాకుతుంది. మాస్టారు ఫిర్యాదు చేస్తే పోలీసులకు మొదట దొరికేది పాస్‌బుక్ మీది పేరే. కమీషన్ ఇచ్చినవాడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు. ఖాతా ఫ్రీజ్, ఆపైన కేసు. రేపు ఉద్యోగమొచ్చినా, పాస్‌పోర్టుకు పెట్టుకున్నా ఆ కేసు అడ్డుపడొచ్చు.

ప్రతి నెలా మొదటి బుధవారం సైబర్ అవగాహన దినం జరపడం కేంద్ర హోంశాఖ 2021లోనే మొదలుపెట్టింది. యూజీసీ 2022లో డిగ్రీ, పీజీలకు సైబర్ సెక్యూరిటీ సిలబస్ కూడా ఇచ్చింది. బ్యానర్ కట్టి ఫొటో దిగితే కాలేజీల బాధ్యత తీరదు. అందుకే కాలేజీలను మేం కోరేవి:

1. ఆ బుధవారం ఒక పీరియడ్ టైంటేబుల్లో వేయండి. ఉపన్యాసం వద్దు. ఫోన్లు తీయించి, ఎవరి పేరిట ఎన్ని సిమ్ములున్నాయో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్లో చూపించండి. తమది కాని నంబరు కనబడితే అక్కడికక్కడే రిపోర్టు చేయించండి.

2. ఆధార్, ఖాతా నంబర్లున్న జాబితాలు నోటీసు బోర్డుకు అంటించకండి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

3. మోసపోయిన పిల్లలు బెదురు లేకుండా చెప్పుకోవడానికి ఒక మేడమ్‌నో, సారునో నియమించండి. తిట్లు తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాలి. సొమ్ము చేతులు మారేలోపు ఫోన్ వెళితే ఆపే వీలుంటుంది. తెనాలిది గుంటూరు జిల్లా, రేపల్లెది బాపట్ల జిల్లా. రేపల్లె బండిలో తెనాలికి వచ్చి చదివే పిల్లకు ఏ స్టేషన్ పరిధి అన్న తికమక అక్కర్లేదు. నంబరు అందరికీ ఒకటే.

తల్లిదండ్రులారా, నెట్ సెంటర్లో ఫారం నింపించాక పాస్‌వర్డ్ రాసిన కాగితం అక్కడే వదిలి రాకండి.

ఖాతా ఇప్పటికే ఇచ్చేసిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! దాచకండి. ఈరోజే బ్యాంకుకు వెళ్లి కార్డు బ్లాక్ చేయించండి, జరిగింది రాతపూర్వకంగా ఇవ్వండి, పోలీసులకూ మీరే ముందు చెప్పండి.

మిగతావాళ్లు రేపే ప్రిన్సిపాల్ గారిని కలిసి ఒక్క మాట అడగండి: వచ్చే మొదటి బుధవారం మాకు ఏ పీరియడ్ ఇస్తున్నారు?

— తెనాలి, బాపట్ల, రేపల్లె విద్యార్థుల శ్రేయోభిలాషులు