పడగొట్టడం కన్నా పడటం ముందు నేర్పే విద్య

సాము నేర్చినవాడు నలుగురిని మట్టి కరిపించాలన్నది చాలామంది అభిప్రాయం. సినిమాలు ఆ అభిప్రాయాన్ని మరింత పెంచాయి. దాడిని ఆపాలి, కాని దాడి చేసినవాడు కూడా గాయపడకూడదని చెప్పే విద్య ఒకటి జపాన్‌లో పుట్టింది. దాని పేరు ఐకిడో. గెలుపోటములు లేని ఈ సాధనను ఉత్త నాట్యమని ఎగతాళి చేసేవారున్నారు. దాని చరిత్ర తెలిస్తే అలా అనరు.

ఐకిడోకు ఆద్యుడు ఉయెషిబా మొరిహేయి. ఆయన 1883లో తనాబెలో జన్మించారు. ఐదడుగులకు కాస్త మించిన పొట్టి మనిషి. రష్యా, జపాన్‌ల మధ్య 1904-05లో జరిగిన యుద్ధంలో సిపాయిగా పనిచేశారు. 1912లో కొన్ని కుటుంబాలతో కలిసి ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవికి వలసవెళ్లి, అడవి కొట్టి సేద్యం చేశారు. అక్కడే 1915లో తకెదా సొకాకు అనే వస్తాదు వద్ద దైతో-ర్యూ విద్య నేర్చారు. కీళ్లు మెలిపెట్టి మనిషిని కదలనివ్వని పట్లు అందులో ఉన్నాయి. తర్వాత ఒమొతో మతశాఖకు చెందిన దెగుచి ఒనిసబురో సాంగత్యం ఆయన ఆలోచనను మలుపు తిప్పింది. పట్లు పాతవే అయినా, వాటిని దేనికి వాడాలన్న ప్రశ్న కొత్తగా పుట్టింది.

ఉయెషిబా సైనిక, నౌకాదళ విద్యాలయాల్లో కూడా బోధించారు. ఆ సంగతి దాచవలసిన పనిలేదు. కాని 1942లో, యుద్ధం సాగుతుండగానే, టోక్యో విడిచి ఇవామా అనే పల్లెకు వెళ్లి పొలం పని, సాధన కలిపి సాగించారు. ఐకిడో అన్న పేరు స్థిరపడినదీ ఆ ఏడాదే. యుద్ధంలో ఓడిన జపాన్‌లో యుద్ధవిద్యలపై ఆంక్షలు వచ్చాయి. 1948లో ఐకికై సంస్థకు ప్రభుత్వ గుర్తింపు లభించింది. ఉయెషిబా 1969లో మరణించారు.

‘ఐ’ అంటే కలయిక, ‘కి’ అంటే ప్రాణశక్తి, ‘దో’ అంటే మార్గం. బెదిరి పరుగెత్తే ఎద్దుకు ఎదురు నిలిచి ఆపబోతే కుమ్మేస్తుంది. తెలిసినవాడు పక్కకు చేరి, దానితోపాటు నాలుగడుగులు వేసి, ముక్కుతాడు పట్టి మళ్లిస్తాడు. ఐకిడో కిటుకు కూడా ఇంతే. మీదికి వచ్చేవాడి ఊపుకు అడ్డుపడకుండా పక్కకు తిరిగి, ఆ ఊపుతోనే అతని తూకం తప్పించి నేలకు దించుతారు. లేదా మణికట్టు మడిచి అదుపులో పెడతారు.

అందుకే ఈ విద్యలో మొదటి పాఠం పడటం. దెబ్బ తగలకుండా దొర్లి లేవడం రానివానికి ముందుకు పోయే దారి లేదు. ఇద్దరూ వంతులవారీగా ఒకసారి దాడి చేస్తారు, ఒకసారి పడగొడతారు. ఇందాక పడినవాడే ఇప్పుడు పడగొట్టేవాడు. తన చేతిలో ఉన్న మణికట్టు ఎంత నొప్పి ఓర్చగలదో అతనికి అనుభవంతో తెలుసు. దయ గురించి ఉపన్యాసం వినడం కన్నా ఈ పాఠం గట్టిది.

పోటీలు లేకపోతే నేర్చినది పనికొస్తుందో లేదో ఎలా తెలుస్తుందన్న ప్రశ్న న్యాయమైనదే. ఉయెషిబా శిష్యుడైన తొమికి కెంజీయే ఈ ప్రశ్న వేసి, వసేదా విశ్వవిద్యాలయంలో పోటీ పద్ధతి ప్రవేశపెట్టారు. గురువు మాత్రం పోటీలకు ఒప్పుకోలేదు. ఎదుటివాడు తనంతట తానే పడిపోతుంటే విద్య డొల్ల అవుతుందన్న తొమికి వర్గం హెచ్చరికను కొట్టిపారేయలేము. అయితే దానికి మందు సాధనలో నిజాయితీయే తప్ప బహుమతి కప్పు కాదు. కప్పు కోసం ఆడేవాడికి ఎదుటివాడి ఓటమి అవసరమవుతుంది. ఆ అవసరాన్ని తీసివేయడానికే ఉయెషిబా పాటుపడ్డారు.

కొట్టగలిగీ కొట్టకుండా ఉండటం పిరికితనం కాదు. చేతకానివాడి శాంతానికి విలువ లేదు, చేతనైనవాడి కోపానికి హద్దు ఉండదు. ఈ రెండింటి నడుమ దారి వెతికిన విద్య ఐకిడో. దానిని కొలవవలసింది ఎంతమందిని పడగొట్టారన్న లెక్కతో కాదు, పడినవాడు నొప్పి లేకుండా లేచి నిలబడ్డాడా అన్నదానితో.