నోటికి అందని అన్నము

మన ఆలయపు భోజనశాలలో అరటి ఆకు ముందు ఒక్కమారైనను కూర్చుండినవారికి మా అన్నగారి వడ్డన తెలియును. చెరకు తోటలో సర్దారు పని చాలించిన పిమ్మట ఆయన తన కాలమంతయు రామభజనకును, పండుగనాటి ఏడు కూరల భోజనమునకును ధారపోసిరి. "ఇంకొక్క గరిటె" అనుట ఆయన ఊతపదము. వద్దన్నవారి ఆకులోనే రెండు గరిటెలు పడుచుండెను. అట్టి మనిషి 2023 సెప్టెంబరు మాసమున ఒక ఉదయము టీ గ్లాసు చేతనుండగనే కుడిప్రక్కకు ఒరిగిపోయిరి. పక్షవాతమనిరి. మాట పోయినదని మాకు వెంటనే తెలిసెను. మ్రింగు శక్తియు పోయినదని ఆసుపత్రికి చేరినదాక తెలియలేదు.

ఈ శీర్షిక క్రింద మేము సాధారణముగా పండుగల ఏర్పాటులను గూర్చియు, పిల్లల తెలుగు చదువులను గూర్చియు వ్రాయుచుందుము. ఈ మారు ఆసుపత్రి మాట ఎత్తుటకు కారణము, మన సంఘములోని మరి రెండు కుటుంబములవారు తమ ఇంటి పెద్దలకు కడుపులో గొట్టము వేయవలెనన్నారని చెప్పి మమ్ము సలహా యడుగుటయే. మేము వైద్యులము కాము. మా యింట జరిగినది చెప్పగలము.

మ్రింగుట ఎంత చిక్కు పనియో ఆరోగ్యవంతులమగు మనకు తోచదు. గొంతు వద్ద రెండు త్రోవలు గలవు. ఒకటి ఊపిరితిత్తులకు, రెండవది జీర్ణాశయమునకు. ముద్ద దిగునప్పుడు మొదటి త్రోవ క్షణకాలము మూతబడవలెను. మెదడునకు దెబ్బ తగిలినప్పుడు ఈ కాపలా తప్పును; అన్నమో నీరో ఊపిరితిత్తులలోనికి జారి న్యుమోనియా కలుగవచ్చును. కొందరికి అట్లు జారినను దగ్గు రాదు. కనుక దగ్గు లేనంత మాత్రమున అంతయు సవ్యముగా దిగినదని తలచుట పొరపాటు. మ్రింగు శక్తిని పరీక్షించిన దాక నీటి చుక్కయైనను మాత్రయైనను నోట ఇయ్యరాదని వైద్యులు ఆజ్ఞాపించిరి. మంచము తలవైపున ఆ మాట వ్రాసిన కాగితమును అంటించిరి. మేము దానిని చదివితిమి. చదివియు తప్పు చేసితిమి.

మొదట ముక్కుద్వారా సన్నని గొట్టమును జీర్ణాశయమునకు దింపిరి. ఆయన తెలిసియు తెలియకయు దానిని రెండు మారులు లాగివేసిరి. వేసిన ప్రతి మారును అది కడుపులోనే యున్నదా, ఊపిరితిత్తులలోనికి పోయినదా యని చూచిన పిమ్మటనే ఆహారము పోయుచుండిరి. గొట్టమునుండి కొంచెము రసము లాగి, అది పులుపు రసమగునో కాదో కాగితముతో పరీక్షింతురు. సందేహమైనచో ఎక్స్‌రే తీయుదురు. పూర్వము గొట్టములోనికి గాలి ఊది, కడుపుపై చెవియొగ్గి వినెడివారట. ఆ పద్ధతిని నమ్మరాదని నర్సమ్మ చెప్పెను. ఆ పిల్ల మా అన్నగారిని క్రియోల్ వాడుక చొప్పున "తోంతోం" అని పిలుచుచుండెను. మేము ఆయనను బ్రతిమాలినప్పటికంటె ఆ పిలుపు విన్నప్పుడే ఆయన చేయి ముక్కు దగ్గరనుండి దిగుచుండెడిది.

ఇక మా తప్పు. ఏకాదశినాడు ఆలయమునుండి తీర్థము తెచ్చితిమి. ఇరువది దినములుగా నోట నీరైన పడని మనిషి ఆ చెంబు చూచి పెదవులు కదలించిరి. నర్సమ్మ అవతలి మంచము వద్ద నుండెను. ఒక్క ఉద్ధరిణెడు పోసితిమి. దగ్గు రాలేదు. స్వామి అనుగ్రహమనుకొని ఇల్లు చేరితిమి. మరునాటి రాత్రికి జ్వరము, ఎగశ్వాస. న్యుమోనియా అనిరి. తీర్థము సంగతి మేము మూడు దినములు దాచితిమి. వదినగారికి కూడ చెప్పలేదు. తుదకు వైద్యునితో చెప్పగా, ఆయన మమ్ము నిందింపలేదు. ఇట్టి రోగులకు తమ లాలాజలమే లోనికి జారి న్యుమోనియా రావచ్చుననియు, ఇదే కారణమని ఎవరును తేల్చలేరనియు పలికిరి. "కాని మొదటినాడే చెప్పవలసినది" అనిరి. ఆ ఒక్క మాట మాకు నేటికిని వినబడుచున్నది. పిమ్మట తీర్థము తెచ్చినప్పుడెల్ల ఆయన కన్నులకద్ది, తులసిదళమును దిండు ప్రక్కన నుంచితిమి. పూజారిగారు కూడ అదియే చాలుననిరి.

ముక్కు గొట్టము కొన్ని వారములకే తగినది. నాలుగు నుండి ఆరు వారములు మించి అవసరమగునని తోచినప్పుడు కడుపుపై చిన్న రంధ్రముచేసి, అందుండి నేరుగా జీర్ణాశయములోనికి గొట్టము వేయుదురు. బంధువులలో పెద్ద గొడవ పుట్టెను. కడుపుకు చిల్లి పెట్టుట ఏమి ఖర్మమని ఒకరు, రోడ్రిగ్స్ నుండి ఫోనులో మరియొకరు. వదినగారి భయము వేరు. గొట్టము వేసినచో ఆయన ఇక ఎన్నటికిని నోట తినరని ఆమె నిశ్చయించుకొనెను. వైద్యుడు ఆమెను కూర్చుండబెట్టి చెప్పినది ఇది: గొట్టమున్నంత మాత్రమున నోరు మూతబడదు, మ్రింగు శక్తి తిరిగి వచ్చినచో గొట్టముండగనే నోట తినుట ఆరంభింపవచ్చును, అవసరము తీరిన నాడు తీసివేయుదురు, రంధ్రము తానే పూడుకొనును. పక్షవాత రోగులలో అనేకులకు వారములలోనో నెలలలోనో మ్రింగుట కొంతవరకు మరల వచ్చునట.

ఈ పద్ధతి మొదట పెద్దలకై పుట్టినది కాదు. 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున గాడరర్, పాన్‌స్కీ అను ఇద్దరు వైద్యులు పొట్ట కోయు శస్త్రచికిత్స లేకయే ఒక పసిబిడ్డకు దీనిని చేసిరి. ఆ మాట విని వదినగారు "పసిబిడ్డకా!" అని మరల మాటలాడలేదు. మరునాడు సమ్మతిపత్రముపై సంతకము చేసిరి.

సంతకమునకు ముందు వైద్యునితో తప్పక చెప్పవలసినది ఒకటి కలదు. పక్షవాతము వచ్చినవారికి రక్తము గడ్డకట్టకుండ మాత్రలిత్తురు. వాటిని ఎన్నడు ఆపవలెనో, ఆపనక్కరలేదో వైద్యుడే నిర్ణయింపవలెను. మన యింట ఏ మాత్రలు వాడిరో ఆ పొట్లములన్నియు వెంట తీసికొనిపోవుట మేలు. ముందటి రాత్రినుండి ఆహారమాపిరి. ఒక మోతాదు సూక్ష్మజీవులను చంపు మందు ఎక్కించిరి. మగతకు సూది ఇచ్చి, దీపముగల సన్నని గొట్టమును నోటిద్వారా దింపి, లోపలినుండి వెలుగు చూపించి, పొట్ట ఎడమప్రక్కన పైభాగమున చిన్న గాటు పెట్టిరి. లోపల ఒక బిళ్ళ, వెలుపల ఒక బిళ్ళ గొట్టమును పట్టియుంచును. అర్ధగంటలో ముగిసెను. ఆ సాయంకాలమే మొదట నీరు, పిమ్మట పాలవంటి ఆహారము పోసిరి. రెండు దినములు నొప్పి యుండెను.

ఆసుపత్రిలో ఉన్న దినములలో మేము మరువలేనిది వదినగారి భోజనపు క్యారియరు. నలుబది యేండ్ల అలవాటు చొప్పున ఆమె ప్రతి మధ్యాహ్నము అన్నము, పప్పు, మునగాకు చారు (మన దీవిలో బ్రేద్ మురుమ్ అందురు గదా) వండి తెచ్చి, మూత తీయకయే మరల ఇంటికి తీసికొనిపోవుచుండెను. భర్త తిననిది తానేల తినవలెనని ఆమె పట్టు. టీ, రొట్టెముక్కలతో ప్రాణము నిలుపుకొని, ఒకనాడు నడవలో తల తిరిగి కూలబడెను. నర్సమ్మ లేవదీసి మంచము ప్రక్కన కూర్చుండబెట్టి, "తాంతిన్, మాంజే" అని క్యారియరు మూత తానే విప్పెను. అన్నగారు కన్నులతో అంతయు చూచుచుండిరి. ఆయన కుడిచేయి ఆడదు. ఎడమచేతితో క్యారియరును ఆమె వైపు నెట్టిరి. ఆమె రెండు ముద్దలు తిని ఆపగా, మరల నెట్టిరి. మూడవమారు నెట్టునప్పుడు ఆమె ఏడ్చుచు నవ్వెను. ఎదుట తినుట రోగిని బాధించునని మేమందరము తలచితిమి, కొందరిని బాధించునేమో. వారినే అడిగి తెలిసికొనవలెను.

దీపావళికి ముందే ఇల్లు చేరిరి. మంచము తలవైపు ఎత్తుచేసితిమి. ఆహారము పోయునప్పుడును, పోసిన పిమ్మట ఒక గంటసేపును తలయు ఎదయు ఎత్తుగనే యుండవలెను. చదునుగా పరుండబెట్టినచో పైకి ఎగదన్నును. ఆయనకు నిర్ణయించినది 250 మి.లీ. చొప్పున దినమునకు ఐదు మారులు. ముందొక 30 మి.లీ., పిమ్మట ఒక 30 మి.లీ. నీరు పోయుట మరువరాదు. గొట్టము పూడుకొనుటకు ఈ మరపే ముఖ్య కారణము. మందులను ఆహారములో కలుపరాదు. ఒక్కొక్క మందును వేరుగా నీటిలో కరగించి పోసి, నడుమ నీరు పోయవలెను. నెమ్మదిగా కరగునట్లు చేసిన మాత్రలను నూరరాదు. మందుల దుకాణదారు వాటికి బదులు ద్రవరూపమైన వానిని చూపగలడు. గాయము చుట్టును దినమునకొకమారు సబ్బునీటితో కడిగి తడి లేకుండ అద్దవలెను. ఎర్రబారినను, చీము కారినను, జ్వరము తగిలినను, పొట్ట గట్టిపడినను ఆసుపత్రికి పోవలసినదే. గొట్టము ఊడివచ్చినచో మరునాటిదాక ఆగరాదు. కొన్ని గంటలలోనే రంధ్రము మూసికొనసాగును. మొదటి వారములలో ఇంటివారు దానిని తామే దూర్చుట ప్రమాదము.

నోట తినని వారికి పండ్లు తోమనేల అనుకొంటిమి. అదియు పొరపాటే. తిననివారి నోటనే మలినము పేరుకొని, లాలాజలముతో ఊపిరితిత్తులకు చేరును. ఉదయము, రాత్రి మెత్తని బ్రష్షుతో తోమితిమి.

ఆ డబ్బా ఆహారములో ఏమి కలదని మన శాకాహారులు అడుగుట న్యాయమే. కొన్నిటిలో చేపనూనె కలుపుదురు. ఆహారనిపుణురాలిని అడుగగా ఆమె పట్టికలు చూచి, లేనిదానిని ఎన్నిక చేసి ఇచ్చెను. ఇంటి మునగాకు చారును వడకట్టి పోయవచ్చునా యని వదినగారు అడిగిరి. వండినదానిని మెత్తగా నూరి పోయుట అసాధ్యము కాదుగాని, నిపుణుల కొలత లేనిదే బలము చాలదనియు, గొట్టము పూడుననియు సమాధానము. వ్యాధిగ్రస్తులకు ఉపవాస నియమము లేదని మన పెద్దలందరు ఎరిగినదే. కనుక ఏకాదశినాడును ఐదు మారులును సాగెను.

2024 జనవరిలో బెలాల్ తుపాను వచ్చినప్పుడు మా యింట దీపములారెను. యంత్రముతో చుక్కచుక్కగా ఎక్కించుకొనువారికి అట్టి దినములు కష్టమే. మేము సిరంజిని ఎత్తిపట్టి, కొవ్వొత్తి వెలుగున పోసితిమి. నాటినుండి వారము దినముల ఆహారమును, త్రాగునీటిని ముందుగా నిలువయుంచుచున్నాము.

గొట్టము అందరికిని తగినదని మేము వ్రాయుట లేదు. మతిమరపు వ్యాధి ముదిరి, తిండి మాని, మనుష్యులను గుర్తింపని వృద్ధులకు గొట్టము ఆయువును పెంచదనియు, ఓపికతో చేతి ముద్ద తినిపించుటయే మేలనియు 2014లో అమెరికా వృద్ధవైద్యుల సంఘము ప్రకటించెను. మమ్మడిగిన రెండు కుటుంబములలో ఒకటి అట్టిదే. వారితో మేము ఈ మాట చెప్పుట సులభము కాలేదు.

ఫిబ్రవరిలో మ్రింగుట నేర్పు స్పీచి థెరపిస్టు చిక్కని మెత్తని ఆహారమును చిన్న చెంచాతో రెండు మూడు మారులు ఇయ్యవచ్చుననెను. ప్రతి చెంచాకును గడ్డము దించి మ్రింగవలెనని ఆయనకు అభ్యాసము చేయించెను. ఉగాది సమీపించుచుండగా వదినగారు పచ్చడి మాట అడిగిరి. నీళ్లగానున్నచో కూడదు, తునకలుండరాదు అని ఆమె చెప్పెను. ఆ యుగాదినాడు వదినగారు మామిడికాయను, చింతపండును, బెల్లమును, వేపపూతను గంధమువలె నూరి, చిక్కబరచి, గుడ్డలో వడియగట్టి తెచ్చిరి. అన్నగారిని నిటారుగా కూర్చుండబెట్టితిమి. అర చెంచా. గడ్డము దించి, చాలసేపు నిలిచి, మ్రింగిరి. మేమందరము ఊపిరి బిగబట్టి యుంటిమి. ఆయన ముఖము చిట్లించి, ఎడమచేతి వ్రేలితో బెల్లపు గిన్నెను చూపి, తల అడ్డముగా ఆడించిరి. బెల్లము చాలలేదట.