బోటనీ మార్కులతో ఎక్స్‌రే గదిలోకి

నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ అధ్యక్షులకు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పారామెడికల్ బోర్డుల అధికారులకు



పారామెడికల్ డిప్లొమా ప్రవేశాల నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ అందులో ఒక నిబంధన చెక్కు చెదరకుండా కనిపిస్తుంది. సీట్లు ముందు బైపీసీ వాళ్లకు. వాళ్లు చాలకపోతే ఎంపీసీ వాళ్లకు. అప్పటికీ మిగిలితే ఇతర గ్రూపులకు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుకూ ఇదే వరస, డీఎంఐటీ అని అందరూ పిలుచుకునే మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ డిప్లొమాకూ ఇదే వరస. రక్తం పరీక్షించే చేతికీ, రోగి ఒంట్లోకి రేడియేషన్ పంపే చేతికీ ఒకటే కొలత ఎలా సరిపోతుందని ఎవరూ అడగరా?

ఈసారి ఆ నిబంధన మరింత బాధపెట్టడానికి కారణం ఉంది. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీలకు 2026-27 నుంచి నీట్ తప్పనిసరి అని కమిషన్ నిర్ణయించింది. ఆ నిర్ణయం మంచిచెడ్డలు అలా ఉంచితే, ఎవరిని చేర్చుకోవాలన్న ప్రశ్న కమిషన్ దాకా వెళ్లిందని మాత్రం తేలింది. అలాంటప్పుడు ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై గదుల్లోకి వెళ్లే పిల్లల వంతు ఎప్పుడొస్తుంది?

తెలంగాణ ఇంటర్ బైపీసీలో సైన్సు సబ్జెక్టులన్నిటికీ ప్రాక్టికల్స్‌తో కలిపి 600 మార్కులు. అందులో ఫిజిక్స్ వాటా 150. బోటనీ వాటా కూడా 150. మార్కులు కూడి ర్యాంకు వేస్తే, మొక్కల్లో కిరణజన్య సంయోగక్రియ గురించి బాగా రాసిన విద్యార్థికీ, ఎక్స్ కిరణాలు ఎలా పుడతాయో అర్థం చేసుకున్న విద్యార్థికీ తేడా తెలియదు. డీఎంఐటీ మొదటి ఏడాది పుస్తకం తెరవగానే ఎదురయ్యేది మాత్రం కిలోవోల్టేజీ, మిల్లీ ఆంపియర్లు, కిరణాలు కణజాలంలో ఏ లెక్కన తగ్గిపోతాయన్న సూత్రం. పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం ముట్టుకోని పిల్లలకు ఆ సూత్రం చూడగానే గుండె జారిపోతుంది. ఆ తప్పు వాళ్లదా?

ఛాతీ ఎక్స్‌రేనే తీసుకోండి. పేషెంటు నిలబడగలిగితే ట్యూబుకూ డిటెక్టర్‌కూ మధ్య 180 సెంటీమీటర్ల దూరం పెట్టడం మామూలు. మంచం దిగలేని పేషెంటు దగ్గరికి పోర్టబుల్ మిషన్ తోసుకెళ్లినప్పుడు అంత జాగా ఉండదు, 100 సెంటీమీటర్లతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. దూరం తగ్గినకొద్దీ కిరణాల తీవ్రత దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెండు దూరాల నిష్పత్తి 1.8, దాని వర్గం 3.24. మిగతావన్నీ అలాగే ఉంచితే మిల్లీ ఆంపియర్లను సెకన్లతో గుణిస్తే వచ్చే ఎంఏఎస్‌ను మూడో వంతు కంటే కాస్త కిందికి దించాలి. దించడం మరిస్తే వెంటిలేటర్ మీదున్న మనిషికి కావలసినదానికి మూడు రెట్లకు పైగా రేడియేషన్ తగులుతుంది. ఐసీయూలో పక్కన నర్సు తొందరపెడుతుంటే, మానిటర్లు కూస్తుంటే, ఆ లెక్క క్షణాల్లో తట్టాలి. బట్టీపట్టి పాసైన వాళ్లకు తట్టదు.

ఫిల్ము రోజుల్లో ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఫిల్ము నల్లబడేది. తప్పు వెంటనే పట్టుబడేది, సీనియర్ మందలించేవాడు, కుర్రాడు నేర్చుకునేవాడు. డిజిటల్ మిషన్లలో ఆ అవకాశం పోయింది. డోసు ఎక్కువైనా సాఫ్ట్‌వేర్ బొమ్మను సరిచేసి చక్కగా చూపిస్తుంది. పైగా డోసు ఎక్కువైతే బొమ్మలో గరుకుతనం తగ్గి ఇంకా బాగుంటుంది కూడా. అందుకే ఏళ్లు గడిచేకొద్దీ ఎవరికీ తెలియకుండా డోసులు పెరిగిపోవడం ప్రపంచమంతటా రేడియాలజీ విభాగాలను వేధిస్తోంది. ఎక్స్‌పోజర్ ఇండెక్స్ అంకె చూసి తన తప్పు తాను పట్టుకోగల టెక్నీషియన్ కావాలి. ఇంటర్ మార్కుల మెమోలో ఆ లక్షణం ఏ గడిలో కనిపిస్తుంది?

ఎమ్మారై గది సంగతి ఇంకా భయంకరం. 2018 జనవరిలో ముంబయి నాయర్ ఆస్పత్రిలో, పేషెంటు వెంట వచ్చిన బంధువు ఆక్సిజన్ సిలిండర్‌తో ఎమ్మారై గదిలోకి వెళ్లాడు. అయస్కాంతం సిలిండర్‌తో పాటు అతన్నీ లాక్కుంది. ప్రాణం పోయింది. మిషన్ ఆపేసి ఉందని సిబ్బంది చెప్పారని కుటుంబ సభ్యులు అన్నారు. ఆస్పత్రుల్లోని 1.5 టెస్లా, 3 టెస్లా మిషన్ల అయస్కాంతం స్కాన్ జరుగుతున్నా లేకున్నా పనిచేస్తూనే ఉంటుంది. రాత్రీ పగలూ, కరెంటు పోయినా సరే. ఈ ఒక్క ముక్క ఆ గది గడప దగ్గర తిరిగే ప్రతి మనిషికీ ఒంటబట్టి ఉండాలి. అందరికంటే ముందు టెక్నీషియన్‌కు.

ఇక వయసు మాట. ఇంటర్ పూర్తయ్యేసరికి చాలామందికి పదిహేడేళ్లే. పద్దెనిమిది నిండనివాళ్లను రేడియేషన్ పనిలో ఉద్యోగానికి పెట్టుకోకూడదని 2004 నాటి రేడియేషన్ ప్రొటెక్షన్ రూల్స్ చెబుతున్నాయి. 16 నుంచి 18 ఏళ్ల మధ్య శిక్షణలో ఉన్నవాళ్లకు ఏడాదికి 6 మిల్లీసీవర్ట్‌లు దాటరాదని అటామిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు పరిమితి పెట్టింది. మరి క్లినికల్ పోస్టింగ్ మొదలైన రోజునే పిల్లల చేతికి, ఒంటికి తగిలిన రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఇస్తున్న కాలేజీలెన్ని? సీట్లకు అనుమతి ఇచ్చేటప్పుడు ఆ లెక్క అడుగుతున్నారా? వంద పడకలు లేని అనుబంధ ఆస్పత్రిలో, ఒకే ఎక్స్‌రే మిషన్ దగ్గర, ఎంతమంది వంతులు వేసుకుని పని నేర్చుకోగలరు?

అమెరికాలో రేడియోగ్రఫీ కోర్సులకు గుర్తింపునిచ్చే జేఆర్‌సీఈఆర్‌టీ అనే సంస్థ ప్రతి కాలేజీనీ మూడు అంకెలు బయటపెట్టమంటుంది. చేరినవాళ్లలో ఎందరు కోర్సు పూర్తి చేశారు, ఎందరు జాతీయ పరీక్ష మొదటిసారే గట్టెక్కారు, ఎందరికి ఏడాదిలోపు పని దొరికింది. పరీక్షలో ఐదేళ్ల సగటు 75 శాతానికి తగ్గకూడదు, ఉద్యోగాల్లోనూ అంతే. నల్లగొండ, ఒంగోలు కాలేజీల్లో చేరే పిల్లాడికి ఈ మూడు అంకెలు ఒకచోట ఎక్కడ దొరుకుతాయి? తండ్రి అప్పు చేసి ఫీజు కట్టేముందు ఏం చూసుకోవాలి? కాలేజీ గోడ మీది రంగా, బ్రోషర్‌లోని సీటీ మిషన్ ఫొటోనా?

చేరినవాళ్ల మార్కులూ, తర్వాత వాళ్ల ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఏ అర్హత పనికొస్తోందో, ఏది అలంకారమో తెలుస్తుంది. ఆ కాగితాలన్నీ పారామెడికల్ బోర్డుల దగ్గరే ఉన్నాయి. హాల్ టికెట్లు బోర్డువే, మార్కుల మెమోలు బోర్డువే. చూడటానికి ఏమడ్డు?

ఎంపికలోని ఈ లోపానికి నీట్ మందు కాదు. కోచింగ్‌కు లక్షలు పోయలేని ఇళ్ల పిల్లలకు, తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు, రెండేళ్లలో చేతికి పని ఇచ్చే చదువు ఇది. ఆ తలుపు మూయమని ఎవరూ అడగడం లేదు. ఫిజిక్స్ మార్కులకు కొంత ఎక్కువ బరువు ఇవ్వొచ్చు. లెక్కలు రాని పిల్లలకు మొదటి కొన్ని వారాలు బ్రిడ్జి కోర్సు పెట్టొచ్చు. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025-26 నుంచి బైపీసీ పిల్లలు లెక్కలు కూడా అదనంగా చదువుకునే ఎంబైపీసీకి దారి తెరిచింది. ఇమేజింగ్ కోర్సుకు ఇంతకంటే తగిన గ్రూపు ఏముంటుంది? కష్టపడి ఆరో సబ్జెక్టు మోసిన పిల్లకు డీఎంఐటీ ప్రవేశాల్లో ఒక్క మెట్టయినా ముందు చోటు ఇవ్వరా?

ఇంటర్ ఫలితాలు ఎండాకాలంలోనే వస్తాయి. పారామెడికల్ నోటిఫికేషన్ మాత్రం చాలా ఏళ్లు దసరా చుట్టుపక్కలకు గాని రాలేదు. అప్పటికి ఆసక్తి ఉన్న పిల్లలు ఏదో ఒక డిగ్రీలో చేరిపోతారు. ఆపైన తరగతులు ఆలస్యం, పోస్టింగులు ఆలస్యం, సిలబస్ పరుగు. ఇది కొత్త ఫిర్యాదేమీ కాదు, బోర్డులకు తెలియనిదీ కాదు.

కమిషన్ ఏర్పాటుకు ఆధారమైన 2021 నాటి చట్టంలోనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష, ఉమ్మడి కౌన్సెలింగ్, చివర్లో ఎగ్జిట్ పరీక్ష మాట ఉంది. చట్టం అమలు కోసం 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు గడువు పెట్టి మరీ చెప్పాల్సి వచ్చింది. 2025లో మెడికల్ రేడియాలజీ, ఇమేజింగ్ టెక్నాలజీకి కొత్త పాఠ్య ప్రణాళిక విడుదలైంది, సంతోషమే. డిగ్రీ పాఠాలు మారి, డిప్లొమా పిల్లల ఎంపిక పాత పద్ధతిలోనే సాగితే ఆస్పత్రిలో ఆ ఇద్దరూ నిలబడేది ఒకే కన్సోల్ ముందు.

వచ్చే నోటిఫికేషన్ రాసే ముందు ఏదైనా జిల్లా ఆస్పత్రి ఎక్స్‌రే విభాగంలో ఒక పూట కూర్చోండి. అక్కడి సీనియర్ టెక్నీషియన్లను, ఈ కోర్సు చదువుతున్న పిల్లలను పిలిచి మాట్లాడండి. వాళ్లు చెప్పింది విన్నాకే డీఎంఐటీ అర్హత నిబంధన రాయండి.