వంతెన అప్పు తీరాక గేటు ఎందుకు?

సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు అని మన పెద్దవాళ్ళు ఒక సామెత చెప్తారు. సుంకం వసూలు చేసేవాడికి నీ ఇంటి కష్టంతో పని లేదు, బండికి ఇంత అని చెయ్యి చాపుతాడు, అంతే. ఇప్పుడు ఆ చెయ్యి కూడా కనపడదు. అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌లోంచి డబ్బు దానంతట అదే పోతుంది, గేటు లేస్తుంది, మనం ముందుకు పోతాం. డబ్బుతో పాటు మనం అడగాల్సిన ఒక ప్రశ్న కూడా పోతోంది. ఈ సుంకం ఎప్పటిదాకా?

మధురై నుంచి తిరునెల్వేలికి పోయే దారి మన ఇంటి దారి. విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి, కయత్తారు. మన పెళ్ళిళ్ళు, చావులు, తిరునాళ్ళు, పొలం తగాదాలు అన్నీ ఈ దారి మీదే నడిచాయి. పాత లెక్కలో ఇది ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 44. నేను బడిలో చదివింది కన్నడంలో, పుట్టి పెరిగింది ఈ దారి ఇంకో కొసన, బతికేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మీద. ఎదుటివాడు రాసిన లెక్క ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది, అసలు ఆగుతుందా లేదా అని చూడడం నా పని. ఈ టోలు లెక్కను కూడా ఆ కంటితోనే చూశాను. ఆగే చోటు కనపడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదట ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. నాలుగు వరుసల రోడ్డు పడ్డాక ప్రయాణం సులువైంది. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెలు, కడలై మిఠాయి, శివకాశి పటాసులు, విరుదునగర్ సంతలో పప్పులు, నూనెలు, మిరపకాయలు, తూత్తుకుడి ఓడరేవు సరుకు అన్నిటికీ మంచి రోడ్డు కావాలి. వైప్పారు మీద, తామ్రపర్ణి మీద, అటు నామక్కల్ దాటాక కావేరి మీద గట్టి వంతెనలు కావాలి. రోడ్డు ఊరికే రాదు, వంతెన ఊరికే నిలబడదు. ఎవరో పెట్టుబడి పెట్టాలి, అది తిరిగి రావాలి. ఇంతవరకు నాకు ఎవరితోనూ తగాదా లేదు.

తగాదా ఆ తర్వాతి మాట దగ్గర. టోలు అంటే అప్పు తీర్చడం. అప్పు తీరితే పత్రం చింపెయ్యాలి. ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు గదా, ఇక్కడ అది తిరగబడింది. మనం ఒడ్డు చేరినాం, ఓడ ఖరీదు కట్టినాం, అయినా మల్లయ్య దిగనివ్వడం లేదు.

"ఇది ఎప్పుడూ ఉండేదే, లండన్‌లో లేదా?" అనే బంధువులు మనలో ఉన్నారు. వాళ్ళకు లండన్ నుంచే చెప్తాను, కానీ తిరునెల్వేలి మీదుగా పోదాం.

తిరునెల్వేలికీ పాళయంకోటకూ మధ్య తామ్రపర్ణి పారుతుంది. 1840ల ముందు అక్కడ వంతెన లేదు, పడవ కోసం ఒడ్డున కాచుకోవాల్సిందే. అప్పటి కలెక్టర్ థామ్సన్ వంతెన కట్టాలన్నాడు. ఖర్చు సుమారు అర లక్ష రూపాయలు, ఆ రోజుల్లో అది కొండంత సొమ్ము. ఊళ్ళో చందాలు పోగు చెయ్యాలని అనుకున్నారు. కలెక్టరు కచేరీలో శిరస్తాదారుగా ఉన్న సులోచన ముదలియార్ చందాల కోసం ఇల్లిల్లూ తిరగకుండా మొత్తం తన సొంత సొమ్ములోంచి ఇచ్చేశాడు. కెప్టెన్ హార్స్‌లీ పదకొండు కమానులతో కట్టాడు. 1843లో వంతెన తెరిచారు. దాని ఖర్చు దాటేవాళ్ళ మీద పడలేదు. తర్వాత వరదలో కొంత భాగం కొట్టుకుపోతే మళ్ళీ కట్టారు, బండ్లు పెరిగాక వెడల్పు చేశారు. నూట ఎనభై ఏళ్ళు దాటినా ఈ రోజుకూ బస్సులు దాని మీద పోతున్నాయి.

ఆ వంతెనకు నమూనా లండన్‌లోని వాటర్లూ వంతెన అని చెప్తారు. ఆ వాటర్లూ వంతెనను ఒక ప్రైవేటు కంపెనీ కట్టింది, 1817లో తెరిచింది, నడిచేవాడి దగ్గర కూడా సుంకం పుచ్చుకుంది. సుంకం లేని వంతెనలు పక్కనే ఉంటే జనం అటు పోయారు. చివరికి 1878లో నగర బోర్డు ఆ వంతెనను కొని గేటు ఎత్తేసింది. అంటే లండన్ వాడు కూడా ఒక రోజు "ఇంక చాలు" అన్నాడు. ఒకచోట దాత వల్ల, ఇంకోచోట పట్టణ ఖజానా వల్ల, రెండు వంతెనలూ జనం సొత్తు అయ్యాయి. అందరూ ముదలియార్లు కావాలని నేను అడగను. దానం మీద రహదారులు నడవవు. కానీ వంతెన సుంకం ఏదో ఒక రోజు ముగియాలన్న మాటను మాత్రం ఎందుకు వదులుకోవాలి?

ముగింపు రాసుకోకపోతే ఏమవుతుందో ఢిల్లీలో చూశాం. యమున మీద ఢిల్లీనీ నోయిడానూ కలిపే డీఎన్‌డీ దారి 2001లో మొదలైంది. దాని ఒప్పందం 1997 నాటిది. అందులో కంపెనీకి ఏటా 20 శాతం రాబడి ఖాయం అని రాశారు. ఏ ఏడాది ఆ రాబడి తక్కువ పడితే, ఆ తగ్గినదాన్ని తీసుకెళ్ళి వంతెన ఖర్చులో కలిపారు. మరుసటి ఏడు పెరిగిన ఖర్చు మీద మళ్ళీ 20 శాతం. ఇదేమి లెక్క? జనం ఎంత కట్టినా వంతెన ఖరీదు పెరుగుతూనే పోతుంది. నా పనిలో దీన్ని ముగింపు లేని లూపు అంటాం. పిల్లవాడు రాసినా ఆ రోజే వెనక్కి పంపిస్తాం. అక్కడ మాత్రం అది పదిహేనేళ్ళు నడిచింది. 2016 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు ఆ టోలు ఆపించింది. 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. ఆ వంతెన కూలిపోయిందా? లేదు. బండ్లు రోజూ పోతున్నాయి.

అది ఢిల్లీ సంగతి, మనకేం అంటారా? మన రోడ్డుకు వర్తించేది 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నిబంధనలు. అందులో ఒక మంచి మాట ఉండేది. పెట్టిన పెట్టుబడి రాబట్టుకున్నాక రుసుమును 40 శాతానికి తగ్గించాలి అని. అంటే వంద కట్టేవాడు నలభై కడితే చాలు, అది నిర్వహణకు. నేను దీన్ని కూడా పూర్తి న్యాయం అనను, కానీ లెక్కకు ఒక మలుపు ఉండేది. 2023లో నిబంధనలు సవరించి ఆ తగ్గింపును తీసేశారు. ఇంక పెట్టుబడి వచ్చినా రాకపోయినా ఒకటే రేటు. పైగా ఏటా 3 శాతం ఖాయంగా పెరుగుతుంది, దాని మీద టోకు ధరల పెరుగుదలలో 40 శాతం కలుస్తుంది. పెరగడానికి సూత్రం ఉంది, తగ్గడానికి లేదు, ఆగడానికి అసలు లేదు. ఇది అప్పు కాదు, కౌలు. మన రోడ్డు మీద మనమే కౌలుదారులం.

వంతెనల మీద లెక్క ఇంకా వింత. పాత పద్ధతిలో వంతెన, సొరంగం, ఫ్లైఓవర్ లాంటి కట్టడం ఎంత పొడవుంటే దాన్ని పదింతలు చేసి రోడ్డు పొడవులో కలిపి టోలు కట్టించేవారు. కిలోమీటరు వంతెన దాటితే పది కిలోమీటర్లు పోయినట్టు. 2025 జులైలో దీన్ని సవరించారు. రోడ్డంతా కట్టడాలే ఉన్నచోట టోలు సగానికి వస్తుంది. సంతోషమే. అయితే ఒక కలం పోటుతో సగం తగ్గగలిగిన సుంకం ఇన్నాళ్ళూ న్యాయంగా ఉన్నట్టా? రేట్లు దేవుడు రాసినవి కావు, మనుషులు రాసినవి, మనుషులు అడిగితే మారతాయి.

ఇప్పుడు మన దారి మీద 2025లో జరిగినది చూడండి. కప్పలూరు, ఎట్టూర్‌వట్టం, సాలైపుదూర్, నాంగునేరి. ఈ నాలుగు టోల్ గేట్లకూ ప్రభుత్వ బస్సుల బాకీ 276 కోట్లకు చేరిందని వసూలు కంపెనీలు కోర్టుకు పోయాయి. జులై 8న మద్రాసు హైకోర్టు, 10వ తేదీ నుంచి ఈ నాలుగు గేట్లలో ప్రభుత్వ బస్సులను పోనివ్వకండి అని ఉత్తర్వు ఇచ్చింది. ప్రభుత్వం గడువు అడగ్గా ఆ ఉత్తర్వును నిలిపారు, బస్సులు ఆగలేదు. కోర్టును నేను తప్పు పట్టను. ఒప్పందం ఉంది, బాకీ ఉంది, జడ్జి లెక్క చూశాడు. నా కోపం ఆ లెక్క పుట్టిన చోటు మీద. ఆ బస్సులో ఎవరు ఉంటారు? సాత్తూరు నుంచి విరుదునగర్ ఆస్పత్రికి పోయే ముసలమ్మ. కోవిల్‌పట్టి కాలేజీకి పోయే పిల్ల. కారు లేనివాళ్ళు. జనం బస్సును జనం రోడ్డు మీద ఆపే అధికారం ఒక వసూలు గేటుకు వచ్చిందంటే, రహదారి ఎవరి కోసం వేసినట్టు?

అదే ఏడు ఆగస్టు 15 నుంచి కార్లకు వార్షిక పాసు ఇచ్చారు. 3000 రూపాయలకు ఏడాది లేదా 200 సార్లు. సొంత కారు ఉన్న మన ఇళ్ళవాళ్ళు మెచ్చుకున్నారు, బాగుంది అన్నారు. అది బస్సుకు వర్తించదు, లారీకి వర్తించదు. ఉన్నవాడికి రాయితీ, నలభై మందిని ఎక్కించుకుని పోయే బండికి పూర్తి సుంకం. లారీవాడు కట్టిన టోలు సొంత జేబులోంచి కట్టుకుంటాడా? అది పప్పు ధరలో, అగ్గిపెట్టె ధరలో కలిసి మన వంటింటికే వస్తుంది.

"టోలు లేకపోతే రోడ్డు గుంతలు పడుతుంది" అని చిన్నాయనలాంటి వాళ్ళు అంటారు. సరే, టోలు ఉన్నచోట గుంతలు లేవా? అరుప్పుకోట మీదుగా పోయే మధురై–తూత్తుకుడి దారి బాగాలేదని, 2025 జూన్‌లో హైకోర్టు మధురై బెంచి రెండు గేట్ల దగ్గర వసూలు ఆపమంది. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు మీద స్టే ఇచ్చింది, వసూలు సాగింది. అదే ఆగస్టులో కేరళలో పాలియెక్కర గేటు దగ్గర రోడ్డు దుస్థితి చూసి అక్కడి హైకోర్టు టోలు ఆపితే, ఈసారి సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి టోలు కడితే రోడ్డు బాగుంటుందన్నది శాస్త్రం కాదు. ఇంకో మాట. పెట్రోలు, డీజిలు కొన్న ప్రతిసారీ రోడ్ల కోసమని కేంద్రానికి సెస్సు కడుతున్నాం. బండి కొన్నప్పుడు రాష్ట్రానికి రోడ్డు పన్ను కడుతున్నాం. నిర్వహణకు డబ్బు లేదనేవాడు ముందు ఆ రెండు సంచుల మూతి విప్పి చూపించాలి.

మన ఇంటి చరిత్రను గొప్పగా చెప్పుకునేవాళ్ళం గనక ఒక మాట. మధురై నుంచి దక్షిణానికి పోయే పాత బాటను తమిళ జనం ఈ రోజుకూ మంగమ్మాళ్ సాలై అనే పిలుస్తారు. మధురై ఏలిన మన రాణి మంగమ్మ 17వ శతాబ్దం చివర చెట్లు నాటించి, సత్రాలు కట్టించిన దారి అది. నాయక రాజులు సుంకం తీసుకోలేదా అంటే, తీసుకున్నారు. సుంకర అనే ఇంటిపేరే తెలుగువాళ్ళలో ఉంది. రాజులు గుత్తకిచ్చి వసూలు చేశారు, దొరలూ చేశారు. అయినా జనం నోట మిగిలింది మంగమ్మ పేరు, సులోచన ముదలియార్ పేరు. సుంకం గుత్తకు తీసుకున్నవాడి పేరు ఒక్కటీ మిగల్లేదు. సాలైపుదూర్ గేటుకు దగ్గరలోనే కయత్తారు. కిస్తు కట్టమన్న కుంఫిణీకి ఎదురు నిలిచిన కట్టబొమ్మును 1799 అక్టోబర్ 16న ఉరి తీసింది అక్కడే. ఆయన విగ్రహానికి దండం పెట్టి పోయే మనం, పక్కనున్న గేటు దగ్గర లెక్క అడగడానికి ఎందుకు మొహమాటపడాలి?

నేను గేటు పగలగొట్టమనడం లేదు. రోడ్డు వేసినవాడికి ఇవ్వాల్సింది ఇద్దాం. కానీ ప్రతి గేటు దగ్గరా తమిళంలో పెద్ద అక్షరాలతో మూడు అంకెలు రాయాలి. ఈ రోడ్డుకు, ఈ వంతెనలకు అయిన ఖర్చు ఎంత, ఇంతవరకు వసూలైనది ఎంత, వసూలు ఆగే తేదీ ఏది. ప్రభుత్వ బస్సుకు సుంకం ఉండకూడదు. పెట్టుబడి వచ్చాక తగ్గించాలన్న పాత నిబంధన మళ్ళీ రావాలి.

పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. ఎట్టూర్‌వట్టం గురించి విరుదునగర్‌లో ఉన్నవాళ్ళు ఒకటి, సాలైపుదూర్ గురించి కోవిల్‌పట్టివాళ్ళు ఒకటి పెట్టండి. తమిళంలోనే రాయండి, మనకు బాగా వచ్చు. ఆ మూడు అంకెలే అడగండి. జవాబు వస్తే ఇక్కడ అందరి ముందూ పెడదాం. రాకపోతే అదీ పెడదాం.