షుగరెంత సరే, కాళ్ళెలా ఉన్నాయి?

ఇంటికి ఫోన్ చేస్తే మనవాళ్ళందరూ అడిగేది ఒకటే.. "షుగర్ ఎంతుంది?" అటునుంచి "బానే ఉందిరా, 140" అని రాగానే టాపిక్ మారిపోతుంది.

రాజోలు దగ్గర మా మావయ్యనే చూడండి. రిపోర్టులో నంబరు బానే ఉంటుంది. కానీ రాత్రి పదయ్యేసరికి అరికాళ్ళ మంటలు మొదలు. దుప్పటి తగిలినా ఓర్చుకోలేడు. లేచి చల్లటి గచ్చు మీద పాదాలు ఆనించి కూర్చుంటాడు. తెల్లారగట్ల కాస్త కునుకు. ఇక పొద్దున్న కొబ్బరితోటకి వెళ్ళే ఓపికుండదు, ఆ చిరాకంతా అత్తయ్య మీద. ఈ బతుకు ఏ రిపోర్టులోనూ రాదు. అడిగితే "వాతంరా, వయసొచ్చిందిగా" అంటాడు.

వాతం కాదండీ. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర ఎక్కువుంటే నరాలు దెబ్బతింటాయి. పొడవైన నరాలు ముందు పోతాయి, అందుకే పాదాలతో మొదలు. ప్రీగాబాలిన్, డ్యులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులున్నాయి. అవి నరాన్ని బాగుచెయ్యవు గానీ చాలామందికి మంట తగ్గించి నిద్రపోనిస్తాయి. డాక్టర్ రాస్తేనే వాడాలి, షాపులో అడిగి కొనేసే రకం కాదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడితే బి12 తగ్గి కూడా ఇలాంటి తిమ్మిర్లే రావచ్చు, ఆ టెస్టూ అడగండి.

నన్నడిగితే మంట లేనివాళ్ళ పరిస్థితే ఇంకా భయం. నరాలు దెబ్బతిన్నవాళ్ళలో సగం మందికి దాకా ఏ బాధా తెలీదు. మన భాషలో చెప్పాలంటే, అలర్టులు రావట్లేదంటే సర్వర్ బాగున్నట్టు కాదు, మానిటరింగే చచ్చిపోయి ఉండొచ్చు. కోనసీమలో చెప్పుల్లేకుండా నడిచే చోట్లు తక్కువా? చేలో బురద, కళ్ళం, వాడపల్లి వెంకన్న గుడి చుట్టూ ఏడు శనివారాల ప్రదక్షిణలు. మొక్కు మానమని నేననను (అంటే అత్తయ్య ఊరుకోదు :)). ఇంటికొచ్చాక అరికాళ్ళు చూసుకోమంటాను. స్పర్శ పోయిన కాలికి బొబ్బ లేచినా తెలీదు. అది పుండై, చీము పట్టి, చివరికి వేలు తీసెయ్యాలనే దాకా వెళ్తుంది.

2006లో అచ్చయిన ఒక సర్వేలో గోదావరి జిల్లాల పల్లెల్లో 30 దాటినవాళ్ళలో 100కి సుమారు 13 మందికి షుగర్ తేలింది. వాళ్ళలో సగం మందికి ఆ సంగతే తెలీదు. ఇక పాదాలు ఎవరు చూస్తారు?

చూడ్డానికి పెద్దాసుపత్రే అక్కర్లేదు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు, ఒక ట్యూనింగ్ ఫోర్క్, కొద్ది నిమిషాలు. కనీసం ఏడాదికోసారి చెయ్యాల్సిన పరీక్ష ఇది. 2022లో అమలాపురం జిల్లా కేంద్రమైంది. ప్రతి పీహెచ్‌సీలో ఈ పోగు ఉండాలని అడగడం పెద్ద కోరికేం కాదనుకుంటా.

ఈలోగా మీవాళ్ళకి చెప్పండి.. డాక్టర్‌కి రిపోర్టు ఇచ్చేముందు చెప్పులు విప్పి పాదాలు చూపించమనండి. చూడనంటే డాక్టర్‌ని మార్చండి.